వేడి చేసిందిలే అని వదిలేయకండి: కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఇన్ఫెక్షన్లకి నెలల వారీ గైడ్

పోయిన వానాకాలం ఏడో నెల అమ్మాయి ఒకామె మా ఓపీకి వచ్చింది. బయట ఎండ కాస్తుంటే రెండు దుప్పట్లు కప్పుకుని గడగడా వణుకుతోంది, పక్కన వాళ్ల అత్తగారు సబ్జా నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడింది. "పది రోజుల్నుంచి వేడి చేసిందమ్మా, ఒంటేలుకి పోతే మంట అంటే బార్లీ కాచి ఇస్తున్నా, తగ్గినట్టే తగ్గి నిన్నట్నుంచి జ్వరం" అంది. ఆవిడ కోడల్ని బాగా చూసుకునే మనిషే, అందులో అనుమానం లేదు. కానీ ఆ మంట వేడి కాదు, యూరిన్ ఇన్ఫెక్షన్, ఆ పది రోజుల్లో అది కిడ్నీ దాకా పాకిపోయింది, మేం చూసేసరికి నెలలు నిండకుండానే నొప్పులు కూడా మొదలయ్యాయి. అడ్మిట్ చేసి ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాక గానీ కుదుటపడలేదు.

నేను పన్నెండేళ్లుగా గర్భిణుల ఓపీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. మన ఇళ్లల్లో జబ్బులకి మనం పెట్టుకున్న పేర్లు కొన్ని ఉన్నాయి, వేడి చేసింది, అమ్మవారు పోసింది, పసరు పోయిస్తే తగ్గిపోద్ది, ఇలాంటివి. మామూలు రోజుల్లో ఆ మాటలతో పెద్ద నష్టం లేకపోవచ్చు, కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఆ మాట వెనకాల ఏ ఇన్ఫెక్షన్ ఉందో తెలుసుకోకపోతే ఇద్దరి ప్రాణాల మీదకి వస్తుంది. అందుకే మొదట్నుంచి చివరిదాకా ఎప్పుడు ఏం చేయాలో వరసగా రాస్తున్నా. ఇది చదివేసి మందులు మీరే కొనుక్కోమని కాదు, డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలో, అక్కడ ఏం అడగాలో తెలియడానికి.

మొదటి అడుగు: కడుపు రాకముందే

పిల్లలు కావాలి అనుకుంటున్నప్పుడే రెండు విషయాలు గుర్తు చేసుకోండి. మీకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా? తట్టు, రూబెల్లా టీకా పడిందా? అమ్మని అడగండి, పాత టీకా కార్డు ఉంటే వెతకండి.

రూబెల్లా పెద్దవాళ్లకి చాలా చిన్న జబ్బు, రెండు రోజులు జ్వరం, ఒళ్లంతా చిన్న ఎర్ర పొక్కులు, అంతే. కానీ మొదటి 12 వారాల్లో తల్లికి వస్తే బిడ్డకి దెబ్బ తగిలే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది, కళ్లల్లో శుక్లాలు, గుండెలో రంధ్రం, చెవుడు. ఈ సంగతి మొదట కనిపెట్టింది ఆస్ట్రేలియాలో గ్రెగ్ అనే కంటి డాక్టరు, 1941లో, పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వస్తుంటే తల్లుల్ని అడిగాడు, చాలామందికి కడుపుతో ఉన్న మొదటి నెలల్లో రూబెల్లా వచ్చిందని తేలింది. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ టీకా పెద్ద ఎత్తున వేసింది 2017లో, అదీ 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకి. అప్పటికే అంతకన్నా పెద్దవాళ్లయిన ఆడపిల్లలు చాలామందికి అందలేదు. కాబట్టి పడిందో లేదో తెలియకపోతే ముందే అడిగి వేయించుకోండి, ఆటలమ్మ రాకపోతే దాని టీకా కూడా రెండు డోసులు. ఇవి రెండూ బతికున్న వైరస్‌ని బలహీనం చేసి తయారుచేసే టీకాలు, అందుకే కడుపుతో ఉన్నప్పుడు వేయరు, వేయించుకున్నాక కనీసం ఒక నెల ఆగి ప్రయత్నించాలి. తెలియక వేయించుకున్నాక కడుపు వచ్చిందని తెలిస్తే మాత్రం కంగారుపడి తీయించుకోవాల్సిన పని లేదు, డాక్టర్‌కి చెప్పి ఫాలో అవ్వండి చాలు.

రెండో అడుగు: నెల తప్పగానే చేసే రక్త పరీక్షలు

మూడో నెల లోపే పేరు రాయించుకోండి. పీహెచ్‌సీ అయినా బస్తీ దవాఖానా అయినా ప్రైవేటు అయినా సరే, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, ఈ మూడూ జరిగాయో లేదో కార్డులో చూసుకోండి. కొంతమంది "నాకెందుకు ఆ టెస్టులు, నేను అలాంటిదాన్నా" అని బాధపడతారు. అమ్మా, అవి మీ నడత మీద టెస్టులు కాదు. మూడూ ఏ లక్షణం లేకుండా ఒంట్లో ఉండిపోయే జబ్బులు, మూడూ బిడ్డకి పోయేవే, మూడింటినీ అడ్డుకునే మందు మన చేతిలో ఉంది.

హెచ్ఐవీ ఉన్న తల్లికి మందులు లేకపోతే బిడ్డకి వచ్చే అవకాశం 15 నుంచి 45 శాతం, మందులు సరిగ్గా వాడితే 5 శాతం కన్నా తక్కువకి పడిపోతుంది, ఆ మందులు గవర్నమెంటు ఆసుపత్రిలో ఫ్రీ. సిఫిలిస్ వదిలేస్తే కడుపులోనే బిడ్డ చనిపోవచ్చు, పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది, భర్తకి కూడా వైద్యం చేయించాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. హెపటైటిస్ బి పాజిటివ్ అయితే బిడ్డ పుట్టిన 12 గంటల్లోపే టీకా మొదటి డోసు, వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ రెండూ పడాలి. ఈ ఇమ్యునోగ్లోబ్యులిన్ అన్నిచోట్లా రెడీగా ఉండదు, రాత్రిపూట కాన్పయితే ఊరంతా తిరిగి వెతుక్కుంటున్న నాన్నల్ని నేను చూశా. తొమ్మిదో నెల రాగానే మీ ఆసుపత్రిలో ఉందా లేదా అడిగి పెట్టుకోండి. ఇవన్నీ చేశాక హెపటైటిస్ బి ఉన్న తల్లి కూడా పాలు హాయిగా ఇవ్వొచ్చు.

ధనుర్వాతం టీకా టీడీ కూడా ఇప్పుడే, మొదటి డోసు వీలైనంత త్వరగా, రెండోది నాలుగు వారాల తర్వాత, పోయిన కాన్పు మూడేళ్ల లోపే అయి అప్పుడు రెండూ వేసుంటే ఈసారి ఒక్క బూస్టర్ చాలు. ఒకప్పుడు బొడ్డు కోసిన కొడవలి వల్ల పసికందులు ధనుర్వాతంతో పోయేవాళ్లు, 2015లో మన దేశం దాన్ని నిర్మూలించిన దేశాల్లో చేరింది. ఇంజెక్షన్ చోట రెండు రోజులు నొప్పి ఉంటుంది, దానికి భయపడి రెండో డోసు ఎగ్గొట్టొద్దు.

ఇక్కడే ఇంకో మాట. టార్చ్ టెస్ట్ అని ఒకటుంది, టాక్సోప్లాస్మా, రూబెల్లా, సీఎంవీ, హెర్పిస్ లాంటి ఇన్ఫెక్షన్లకి కలిపి చేసే రక్త పరీక్ష, ఒకసారి అబార్షన్ అయిందంటే చాలు రాసేస్తుంటారు. రిపోర్టులో ఐజీజీ పాజిటివ్ అని ఎర్ర అక్షరాలతో వస్తుంది, అది గూగుల్‌లో కొట్టి చూసుకుని రాత్రంతా ఏడ్చి పొద్దున్నే వచ్చేవాళ్లు నెలకి ఒకరైనా ఉంటారు. ఐజీజీ పాజిటివ్ అంటే చాలావరకు ఆ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చింది, లేదా టీకా పనిచేసింది, ఇప్పుడు మీకు ఎంతో కొంత రక్షణ ఉంది అని అర్థం. రూబెల్లా ఐజీజీ పాజిటివ్ అయితే సంతోషపడాలి నిజానికి. ఐజీఎం పాజిటివ్ అంటే కొత్త ఇన్ఫెక్షన్ కావచ్చు, కానీ అది కూడా చాలాసార్లు తప్పుగా చూపిస్తుంది, మళ్లీ టెస్టు చేసి, ఎవిడిటీ అనే ఇంకో టెస్టు చేసి, స్కానింగ్ చూసి గానీ నిర్ణయానికి రారు. ఆ ఒక్క కాగితం చూసి కడుపు తీయించుకునే నిర్ణయం దయచేసి తీసుకోకండి. ఏ లక్షణం లేని గర్భిణికి ఊరికే టార్చ్ చేయించాల్సిన అవసరమే లేదు.

మూడో అడుగు: యూరిన్ విషయం

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది ఇక్కడే. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కిడ్నీ నుంచి కిందకొచ్చే గొట్టాలు వదులవుతాయి, పైనుంచి గర్భసంచి నొక్కుతుంది, ఉచ్చ పూర్తిగా ఖాళీ అవ్వక నిలిచిపోతుంది, నిలిచిన నీట్లో క్రిములు పెరుగుతాయి. ప్రతి 100 మంది గర్భిణుల్లో 2 నుంచి 10 మందికి మంట లేదు నొప్పి లేదు ఏమీ లేదు, కానీ యూరిన్‌లో క్రిములు ఉంటాయి. వదిలేస్తే వాళ్లలో కొంతమందికి అది కిడ్నీకి పాకుతుంది. అందుకే మొదటి మూడు నాలుగు నెలల్లో ఒకసారి మామూలు యూరిన్ టెస్ట్ కాకుండా యూరిన్ కల్చర్, అంటే ఉచ్చలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష, చేయించమని అడగండి, రిజల్ట్‌కి రెండు మూడు రోజులు పడుతుంది.

శాంపిల్ ఎలా ఇవ్వాలో ఎవరూ సరిగ్గా చెప్పరు, డబ్బా చేతిలో పెట్టి బాత్రూమ్ చూపిస్తారు. పద్ధతి ఇది. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కింద మంచినీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని శుభ్రమైన గుడ్డతో తుడుచుకోండి, డెటాల్ లాంటివి వాడకండి. డబ్బా మూత అప్పుడే తీయండి, ముందే తీసి గట్టు మీద పెట్టకండి, మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రెండు వేళ్లతో పెదవులు విడదీసి పట్టుకుని మొదట కొంచెం బయటికి వదిలేసి, ఆపకుండానే మధ్యలో డబ్బా పెట్టి సగం నింపి, మిగతాది మళ్లీ బయటికి వదిలేయండి. మూత గట్టిగా పెట్టి వెంటనే ల్యాబ్‌లో ఇవ్వండి. ఇంటి నుంచి పొద్దున పట్టి, బస్సెక్కి, మధ్యాహ్నం ఇస్తే ఆ ఎండకి లేని క్రిములు కూడా పెరిగి తప్పుడు రిపోర్ట్ వస్తుంది, తర్వాత అనవసరంగా యాంటీబయాటిక్ వాడాల్సి వస్తుంది.

కల్చర్ పాజిటివ్ వస్తే కడుపుతో ఉన్నవాళ్లకి పడే యాంటీబయాటిక్‌లు ఉన్నాయి, డాక్టర్ రాసినన్ని రోజులు పూర్తిగా వాడండి, మూడో రోజుకి మంట తగ్గిందని ఆపేయొద్దు. కోర్సు అయ్యాక మళ్లీ ఒకసారి కల్చర్ చేయించి పోయిందో లేదో చూసుకోవాలి. మెడికల్ షాపులో యూరిన్ మంట అనగానే చేతిలో పెట్టే సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ రకం బిళ్లలు మీకు కాదు, డాక్సీసైక్లిన్ బిడ్డ పళ్లకీ ఎముకలకీ మంచిది కాదు. షాపులో ఏది కొన్నా ముందు "నేను కడుపుతో ఉన్నా" అని నోరు తెరిచి చెప్పండి, నాలుగో నెలలో పొట్ట కనిపించదు, వాళ్లకి తెలియదు.

బార్లీ తాగండి, మజ్జిగ తాగండి, మంచిదే, కానీ టెస్టుకి బదులు కాదు. ఒంటేలు ఆపుకోవద్దు, ముఖ్యంగా స్కూళ్లలో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, పొలం పనికి పోయేవాళ్లు బాత్రూమ్ లేదని నీళ్లే తాగడం మానేస్తారు, దానివల్లే సగం తంటా. వీపు కింద ఒక పక్క నొప్పి, చలితో జ్వరం, వాంతులు ఉంటే అది ఇక ఓపీ కేసు కాదు, అదే రోజు అడ్మిషన్.

తెల్లబట్ట గురించి కూడా సిగ్గుపడకుండా చెప్పండి. కొంచెం ఎక్కువవడం మామూలే. పెరుగు విరిగినట్టు ఉండి దురద ఉంటే ఫంగస్, లోపల పెట్టే బిళ్లతో తగ్గుతుంది. చేపల వాసన, బూడిద రంగు, లేదా ఆకుపచ్చగా ఉంటే వేరే ఇన్ఫెక్షన్లు, కొన్ని నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా చేస్తాయి. లోపలికి నీళ్లు కొట్టి కడగడం, సెంటు వాసన వచ్చే వాష్‌లు వాడటం మానేయండి.

నాలుగో అడుగు: ఇంట్లో, వంటింట్లో

నీళ్లు బుడగలొచ్చి తెర్లేదాకా కాచి చల్లార్చి తాగండి, సీమంతానికో పెళ్లికో వెళ్లినా మీ బాటిల్ మీరే తీసుకెళ్లండి, వానాకాలంలో పానీపూరీ, ఐసు వేసిన చెరకురసం ఈ తొమ్మిది నెలలు వదిలేయండి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానో పచ్చకామెర్ల దగ్గర రాస్తా. పాలు పొంగించే తాగాలి, పితికిన పచ్చిపాలు వద్దు. మాంసం, గుడ్డు పూర్తిగా ఉడకాలి, పచ్చి మాంసం కోసిన కత్తి, చెక్కతోనే సలాడ్ కోయొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే దాని మలం ఇంకొకరు తీయాలి, మట్టి పని చేస్తే చేతులు బాగా కడుక్కోవాలి, టాక్సోప్లాస్మా అలాగే వస్తుంది.

రెండో కాన్పు వాళ్లకి ఒక ముక్క. పెద్ద పిల్లాడు అంగన్‌వాడీకో ప్లేస్కూల్‌కో పోతుంటే వాడి లాలాజలంలో, ఒంటేలులో సీఎంవీ అనే వైరస్ ఉండొచ్చు, వాడికేం కాదు, కడుపులో బిడ్డకి చేరితే చెవుడు రావచ్చు. వాడు సగం తిన్న ముద్ద మీరు తినడం, వాడి స్పూన్ నోట్లో పెట్టుకోవడం మానండి, డైపర్ మార్చాక సబ్బుతో కడుక్కోండి. ముద్దు పెట్టాలనిపిస్తే నుదుటి మీద పెట్టండి. తల్లికి ఇది కష్టమైన మాటే, నాకు తెలుసు.

పగలు కుట్టే దోమతో డెంగీ, రాత్రి కుట్టే దోమతో మలేరియా. పాడేరు, అరకు, చింతూరు, భద్రాచలం ఏజెన్సీ వైపు వాళ్లు మందు పూసిన దోమతెర తప్పకుండా వాడండి, మలేరియా క్రిములు మాయలోనే దాక్కుంటాయి, తల్లికి రక్తం తగ్గిపోయి బిడ్డ బరువు పెరగదు.

ఐదో అడుగు: జ్వరం వచ్చిన రోజు ఏం చేయాలి

థర్మామీటర్ కొనుక్కోండి. చెయ్యి పెట్టి చూసి వెచ్చగా ఉంది అనడం కాదు, అంకె కావాలి. 100.4 ఫారెన్‌హీట్ దాటితే జ్వరం. టైమ్ వేసి ఒక కాగితం మీద రాయండి. పారాసిటమాల్ 650 ఒకటి వేసుకోండి, ఆరు గంటల గ్యాప్ ఉండాలి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి, కడుపుతో ఉన్నవాళ్లు జ్వరాన్ని అలా వదిలేయకూడదు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్ అంటే చాలావరకు డైక్లోఫెనాకే, అది ఆఖరి నెలల్లో బిడ్డ గుండెకీ, ఉమ్మనీరుకీ దెబ్బ, డెంగీ అయితే రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. గుండెకో బీపీకో డాక్టర్ రోజూ వేసుకోమన్న చిన్న ఆస్పిరిన్ ఉంటే సొంతంగా ఆపకుండా ఆ రోజే ఫోన్ చేసి అడగండి.

అదే రోజు డాక్టర్‌కి చూపించండి, మూడు రోజులు చూద్దాం అనేది మనకి లేదు. మలేరియా, డెంగీ, రక్తకణాలు, యూరిన్, ఇవి అడగండి. పొలాలు, చెట్టూచేమల వైపు తిరిగేవాళ్లయితే స్క్రబ్ టైఫస్ కూడా. దానికి చిన్న పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉండొచ్చు, నొప్పి ఉండదు, చంకలో, రొమ్ముల కింద, గజ్జల్లో ఉండటంతో మీకు కనపడదు. ఇంట్లో ఆడవాళ్లెవరినైనా చూడమనండి. మామూలుగా దానికి డాక్సీసైక్లిన్ ఇస్తారు, గర్భిణులకి అజిత్రోమైసిన్ ఇస్తారు, త్వరగా పట్టుకుంటే చక్కగా తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణాంతకం.

ఫ్లూ సీజన్‌లో ఆయాసంతో దగ్గు ఉంటే అసలు ఆగొద్దు, ఫ్లూ టీకా గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గయితే టీబీ పరీక్ష, టీబీ మందులు కడుపుతో ఉన్నా ఆపకూడదు.

ఆరో అడుగు: అమ్మవారు పోస్తే

ఆటలమ్మ పోసిందని గుమ్మానికి వేపాకులు కట్టి, మందు వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఇంట్లోనే ఉంచేస్తారు. మీ నమ్మకాన్ని నేను తప్పుపట్టను, వేపాకులు కట్టుకోండి, దణ్ణం పెట్టుకోండి, మందు కూడా వేయండి. గర్భిణికి ఆటలమ్మ ఊపిరితిత్తులకి పాకి న్యుమోనియా అవ్వొచ్చు. పొక్కులు కనపడిన 24 గంటల్లో అసైక్లోవిర్ మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కాబట్టి ముందు ఫోన్ చేసి డాక్టర్‌కి చెప్పండి, ఓపీలో మిగతా గర్భిణుల మధ్య కూర్చోకుండా వేరే గదిలో చూస్తారు. మొదటి ఐదు నెలల్లో వస్తే బిడ్డకి చర్మం, కాళ్లూ చేతులు దెబ్బతినే ప్రమాదం ఉంది కానీ అది 100కి ఇద్దరిలోపే, స్కానింగ్‌తో చూసుకుంటారు. ఎక్కువ భయపడాల్సింది కాన్పుకి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా పొక్కులు వస్తే, అప్పుడు తల్లి నుంచి రక్షణ అందకుండా వైరస్ ఒక్కటే బిడ్డకి పోతుంది, పుట్టగానే బిడ్డకి ఇంజెక్షన్ పడాలి.

మీకు రాకపోయినా పక్కింటి పిల్లాడికి ఆటలమ్మ వచ్చి, వాడితో ఒకే గదిలో గడిపితే, చిన్నప్పుడు మీకు రాలేదంటే, వెంటనే చెప్పండి. పది రోజుల్లోపు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఉంది.

ఏడో అడుగు: కళ్లు పచ్చబడితే

పచ్చకామెర్లకి పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం మన దగ్గర ఇంకా ఉంది. మామూలు మనిషికి కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. గర్భిణికి అలా కాదు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ (E) అనే వైరస్ ఆఖరి మూడు నెలల్లో వస్తే 100 మందిలో 20 నుంచి 25 మంది తల్లులు చనిపోవచ్చు. 1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన యమున నీళ్లు తాగి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి, గర్భిణుల్లోనే చావులు ఎక్కువ, అది ఈ హెపటైటిస్-ఇ వైరస్సే అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. నీళ్లు కాచుకోమని నేను అంతలా పోరుపెట్టేది ఇందుకే.

ఒంటేలు ఆవనూనె రంగులో రావడం, అన్నం చూస్తేనే వికారం, కళ్లు పసుపు, వీటితో పాటు మత్తుగా మాట్లాడటం, పొంతన లేకుండా మాట్లాడటం ఉంటే చిన్న ఆసుపత్రుల్లో టైమ్ వేస్ట్ చేయకుండా ఐసీయూ, రక్తనిధి ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఎనిమిదో అడుగు: ఉమ్మనీరు పోతే

నొప్పులు లేకపోయినా సరే, ఉమ్మనీరు పోయిందంటే గడియారం చూసి టైమ్ రాసుకోండి, శుభ్రమైన ప్యాడ్ పెట్టుకోండి, దాని రంగు, వాసన చూడండి, బయల్దేరండి. సంచి పగిలాక క్రిములకి లోపలికి దారి తెరిచినట్టే, 18 గంటలు దాటితే ఇన్ఫెక్షన్ ప్రమాదం బాగా పెరుగుతుంది కాబట్టి యాంటీబయాటిక్ ఇస్తారు. మంచి ముహూర్తం చూసుకుని పొద్దున వెళ్దాం అనుకున్నవాళ్లు ఉన్నారు, వద్దమ్మా. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నా, కంపు కొడుతున్నా, జ్వరం ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా 108కి ఫోన్ చేయండి.

తొమ్మిదో అడుగు: బాలింత, పసికందు

బాలింతకి నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట వస్తుందని, కుట్లు చీము పడతాయని దాహంతో ఉంచుతారు. దానికి ఆధారం లేదు, నీళ్లు తగ్గితే పాలు తగ్గుతాయి, మళ్లీ అదే యూరిన్ ఇన్ఫెక్షన్. కాచిన నీళ్లు దాహమైనన్ని తాగనివ్వండి. ప్యాడ్ నాలుగైదు గంటలకి మార్చండి. జ్వరం, కంపు కొట్టే మైల, పొత్తికడుపు నొప్పి, కుట్ల దగ్గర ఎర్రబడటం, ఒక రొమ్ము గట్టిపడి కాలడం, ఏది ఉన్నా బాలింత చలిజ్వరం అని చెప్పి కషాయాలతో సరిపెట్టొద్దు.

బిడ్డ బొడ్డు మీద ఏమీ పెట్టొద్దు. పసుపు, బూడిద, ఆముదం, పౌడర్, ఏదీ. పొడిగా వదిలేస్తే అదే ఊడిపోతుంది. చూడ్డానికి వచ్చేవాళ్లు చేతులు కడుక్కుని ఎత్తుకోవాలి, జలుబున్నవాళ్లు గుమ్మం దగ్గర్నుంచి చూసి వెళ్లాలి, మాట పడినా పర్లేదు గట్టిగా చెప్పండి.

పసికందుకి ఇన్ఫెక్షన్ వస్తే పెద్దవాళ్లలా జ్వరమే రావాలని లేదు, ఒళ్లు చల్లబడొచ్చు కూడా. నిన్నటిదాకా గుటగుటా తాగిన బిడ్డ ఇవాళ రొమ్ము పట్టడం లేదంటే, ఎంత లేపినా లేవడం లేదంటే, నిమిషానికి అరవై సార్లకన్నా ఎక్కువ ఊపిరి తీస్తోందంటే, డొక్కలు ఎగరేస్తోందంటే, దిష్టి తీసే పని తర్వాత పెట్టుకుని ముందు బిడ్డని మీ రొమ్ముకి ఆనించి గుడ్డ కప్పి, అదే వెచ్చదనంలో ఆసుపత్రికి తీసుకురండి.